బావులు తెలిసిన మనిషి

రేగులపల్లిలో పదకొండు మోట బావులు ఉండేవి. ఊరు నిజాంసాగరు నీళ్ల కింద మునిగి ఏడేండ్లయినా, ఏ బావి ఎక్కడ ఉండేదో, ఎంత లోతో, ఏ పక్క రాతి కట్టడమో, ఏ పక్క మట్టి జారేదో తడుముకోకుండా చెప్పగలిగిన మనిషి ఒక్కతే మిగిలింది. ఆమె పేరు సాలవ్వ.

ఆమె భర్త మైసన్న తోలు బొక్కెనలు కుట్టేవాడు. మోట కొట్టే రైతుకు ఎడ్లు ఎంత ముఖ్యమో బొక్కెన అంత ముఖ్యం. కుట్టు సడలితే ఎడ్లు లాగిన నీళ్లలో సగం తిరిగి బావిలోనే పడతాయి. చిరిగిన బొక్కెన ఇంటికి వస్తే మైసన్న ముందు దాన్ని తిరగేసి, చిరుగు ఎక్కడుందో చూసేవాడు. మూతి దగ్గర చిరిగితే బావి గోడకు రాయి పొడుచుకొని ఉన్నట్టు, అడుగున చిరిగితే నీళ్లు తగ్గి బొక్కెన నేలకు తగులుతున్నట్టు. కుట్టడం ఆయన పని. కుట్టిన బొక్కెనను నెత్తిన పెట్టుకొని బావి దగ్గరికి చేర్చడం సాలవ్వ పని. మొదటి బొక్కెన నీళ్లు పైకి వచ్చేదాకా అక్కడే నిలబడి చూడాలని, కుట్టు కారితే మారు మాట్లాడకుండా వెనక్కి తేవాలని మైసన్న కట్టుబాటు పెట్టాడు. అట్లా ఇరవై ఏండ్లు ఆమె పదకొండు బావుల ఒడ్డునా నిలబడి లోపలికి చూసింది. రైతుకు తన బావి ఒక్కటే తెలుస్తుంది. ఆమెకు అన్నీ తెలిశాయి.

నిజాంసాగరు కోసం మంజీర నది మీద కట్ట లేస్తున్నప్పుడు, భూమి లేనివాళ్లు అందరికంటే ముందే ఊరు విడిచి అక్కడ రాళ్ల పనికి పోయారు. మైసన్నా సాలవ్వా వాళ్లలో ఉన్నారు. నీళ్లు నిలిచి రేగులపల్లి మునిగింది. కట్ట కింద కాలువలు పారాయి. కాలువ నీళ్లు వచ్చాక మోటతో పని లేదు, మోట లేకపోతే బొక్కెనతో పని లేదు. మైసన్న కొన్నాళ్లు చెప్పులు కుట్టి, మూడో ఏడు జ్వరంతో పోయాడు. సాలవ్వ మహమ్మద్‌నగర్ పక్కన గుడిసె వేసుకొని నాట్లకూ చెరుకు కోతకూ పోయేది. చలికాలం నీళ్లు వెనక్కి జరిగినప్పుడు బయటపడే శికం భూమిలో నలుగురితో పాటు ఇంత శనగ, ఇంత దోస పెట్టుకునేది.

ఆ శికంలోనే ఒక పొద్దున రెండు ఎడ్లు దిగబడ్డాయి. నేల చూస్తే చదునుగా, పైన ఎండి నెర్రెలు విచ్చి గట్టిగా ఉంది. ఒక ఎద్దును తాళ్లతో లాగారు. ఒకటి దక్కలేదు. మునిగిన ఊరి దేవత పట్టిందన్నారు కొందరు. సాలవ్వ వచ్చి అటూ ఇటూ చూసి, దూరంగా తేలిన రెండు బండరాళ్లను గుర్తుపట్టి, "ఇది ఊరి ముందటి పెద్దబాయి" అంది.

సంగతి అంతే. సాగరు నీళ్లు తెచ్చిన ఒండ్రు మామూలు నేల మీద జానెడు పేరుకుంది. బావిలో మాత్రం బావి లోతంతా పేరుకుంది. పైపొర రెండింటికీ ఒకే తీరుగా ఎండుతుంది. కింద ఒకచోట గట్టి నేల, ఇంకోచోట అంబలి. పైకి చూసి తేడా చెప్పలేం. పాత ఊరు తెలిసి ఉండాలి.

అప్పటినుంచి శికంలో దున్నేవాళ్లు ముందు సాలవ్వను పిలిచేవాళ్లు. ఒడ్డు వెంట అవతలి ఊళ్లకు పోవలసినవాళ్లూ పిలిచేవాళ్లు. ఆమె ఒక పొడుగాటి వెదురు కట్టె పట్టుకొని ముందు నడిచేది. మంచు విడిచి ఎండ ఏటవాలుగా పడేదాకా కాలు పెట్టనిచ్చేది కాదు. బావి ఉన్నచోట తడి ఆలస్యంగా ఆరుతుంది కనుక ఆ వెలుతురులో నేల కొంచెం నల్లగా కనిపిస్తుంది. చెప్పులు విడవాలి. ఆమె అడుగులోనే అడుగు వేయాలి. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు, బురద మీద ఎవరూ నోరు విప్పకూడదు. కట్టె నేలకు తగిలినప్పుడు వచ్చే చప్పుడే ఆమెకు ఆధారం. గట్టి నేల ఒక తీరుగా మోగుతుంది, డొల్ల నేల ఇంకో తీరుగా. మాటల్లో ఆ చప్పుడు పోతుంది.

*

1938లో వానలు తక్కువ పడ్డాయి. డిసెంబరు నాటికే నీళ్లు ఎన్నడూ లేనంత లోపలికి జరిగి, రేగులపల్లి గోడల పునాదులు బయటపడ్డాయి.

ఆ నెల ఇరవై రెండున, ఉపదేశి స్వామిదాసు వచ్చి, ముసలి యాకూబు గుడిసె ముందు నిలబడ్డాడు. స్వామిదాసు కూడా రేగులపల్లి మనిషే, చుట్టుపక్కల ఊళ్లలో ప్రార్థనలు నడుపుతాడు. మంచివాడే గానీ, ఒక పని చేయడానికి పట్టే సమయం కంటే దాని గురించి చెప్పడానికి ఎక్కువ సమయం తీసుకుంటాడు. క్రిస్మసుకు యాకూబును మెదక్ తీసుకుపోతానని రెండు నెలలుగా చెబుతున్నాడు.

యాకూబుదీ రేగులపల్లే, డెబ్బై దాటాయి. మెదక్‌లో పెద్ద గుడి కట్టేటప్పుడు, కరువు రోజుల్లో, గింజల కోసం రాళ్లు మోసినవాళ్లలో అతనూ ఒకడు. గోడలు లేచాయి, పైకప్పు పడకముందే కాలికి నారికురుపు లేచి ఇంటికి వచ్చేశాడు. మళ్లీ పోలేదు. ఒక ఏడు కూలి, ఒక ఏడు జబ్బు, ఒక ఏడు ఇంట్లో చావు. తాను రాళ్లు మోసిన గుడిలో పండుగనాడు ఒక్కసారి కూర్చోవాలనేది అతని కోరిక. ఈ చలికాలం దగ్గు ముదిరింది. వచ్చే ఏటికి కాళ్లు ఉండవని అతనికీ తెలుసు, అందరికీ తెలుసు.

"బండి రాదు తాతా," అన్నాడు స్వామిదాసు. "బండాయన ఎడ్లన్ని చెరుకు తోలుడుల ఉన్నయంట. పండుగ అయినంక ఎన్ని బండ్లు గావాల్నంటే గన్ని ఇస్తడంట."

"పండుగ అయినంక నాకు బండెందుకు? అప్పటికి నాలుగు కట్టెలు తెస్తే సాలు. మీరే మోస్తరు."

"పండుగ పూట గవేం మాటలు తాతా!" స్వామిదాసు భార్య రుక్మాబాయి కసిరింది. తర్వాత భర్త వైపు తిరిగింది. "బండి మాట దసరాకు అడుగుమంటి. ఇయ్యాల అడుగుతివి."

"దసరాకే అడిగిన. ఇస్తనన్నడు."

"అన్నడు. నువ్వు విన్నవు. ఇద్దరు మాట్లాడుకున్నరు."

ఎల్లారెడ్డి పోతే మోటారు దొరుకుతుంది గానీ అది కామారెడ్డికి పోతుంది, మెదక్‌కు పోదు. రోడ్డు మీద నడిస్తే పద్దెనిమిది కోసులు. యాకూబు రోజుకు ఆరు కోసులు నడవగలడు. అంటే మూడు రోజులు. మిగిలినవి రెండు.

నీళ్ల కుండతో అటువైపు వచ్చిన సాలవ్వ ఇదంతా విని ఆగింది.

"ఒడ్డు పట్టుకొని పోతే పదకొండు కోసులే," అంది. "రేపు పొద్దుగాల బయలెల్లితే పొద్దుమీకె వరకు నాగిరెడ్డిపేట దిక్కు చేరుతం. ఎల్లుండి మెదక్."

"ఊరి నడిమిట్లకెల్లా?" అన్నాడు స్వామిదాసు. "గటు ఎవ్వరన్న పోయిండ్రా ఇప్పటి దాక?"

"నీళ్లల్లకెల్లి ఎట్ల పోతరు? ఈ యేడే తేలింది. పాత బండ్ల బాట కట్టెతోని కొట్టి సూసిన, సగం దాక పోయొచ్చిన. గట్టిగున్నది."

"మిగిలిన సగం?"

"మిగిలిన సగం నాకు ఎరుకే ఉపదేశయ్యా. పదకొండు బాయిలు, పదకొండిటినీ తప్పిస్త."

యాకూబు ఆమె ముఖంలోకి చూశాడు. "తీస్కపోతవా బిడ్డా?"

"తీస్కపోత."

సాలవ్వ ఎక్కువ మాట్లాడదు. అన్నదంటే అన్నట్టే.

సాయంత్రానికి ఇంకొకరు కలిశారు. భూమయ్య, రేగులపల్లిలో నాలుగెకరాల రైతు, ఇప్పుడు అరవై ఏండ్లవాడు. నాగిరెడ్డిపేట పక్కన ఉన్న బిడ్డ ప్రసవించిందని కబురు వచ్చింది. మనుమడిని చూడాలి. వీళ్లు పోతున్నారని విని వచ్చాడు.

"బాట ఎటుకెల్లి?" అని అడిగాడు.

"బండ్ల బాట పట్టుకొనే పటేలా. మీ చేను పక్కకెల్లే."

భూమయ్య తలపాగ సర్దుకున్నాడు. "ఇంకో బాట లేదా?"

"ఉన్నది. నీళ్లల్ల ఉన్నది."

రుక్మాబాయి నవ్వింది. భూమయ్య నవ్వలేదు. పొద్దున వస్తానని చెప్పి పోయాడు.

*

పొద్దున మంచు దట్టంగా ఉంది. నీళ్లు ఎక్కడ మొదలవుతాయో, నేల ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా తెల్లగా ఉంది. ఐదుగురూ గట్టి ఒడ్డు మీద ఎండ కోసం కూర్చున్నారు. రుక్మాబాయి జొన్నరొట్టెల మూట ఒడిలో పెట్టుకుంది. యాకూబు గొంగడి కప్పుకొని దగ్గుతున్నాడు.

ఎండ ఒంటికి తగలగానే సాలవ్వ లేచింది.

"ముందు నేను. నా ఎనుక తాత. తాతెనుక రుక్మక్క, గామె ఎనుక ఉపదేశయ్య. అఖీర్ల పటేలు. నేను ఆగితే ఆగుండ్రి. మాటలొద్దు. ఏదన్న అడగాలంటే గట్టి నేల వచ్చినంక అడుగుండ్రి."

"పాట పాడుకోవచ్చునా? మెల్లగ?" అన్నాడు స్వామిదాసు.

"పాడుకో. మనసుల."

నడక మొదలైంది. కట్టె ముందు నేలను తట్టేది, తర్వాత ఆమె అడుగు పడేది, ఆ అడుగులో యాకూబు అడుగు. బురద పైపొర చల్లగా అరికాళ్లకు తగిలేది. ఎడమ పక్క నీళ్ల మీద కొంగలు నిలబడి ఉన్నాయి. నత్తగుల్లలు కాళ్ల కింద పటపటమని విరిగేవి. ఊరి నడుమకు వచ్చేసరికి గోడల అడుగులు గళ్లు గళ్లుగా కనిపించాయి. ఎవరిదో తిరగలి సగం మట్టిలో ఉంది. రుక్మాబాయి దాన్ని చూసి నోరు తెరిచి, గుర్తొచ్చి మూసుకుంది.

బావి వచ్చినప్పుడల్లా సాలవ్వ ఆగి, కట్టెతో అటువైపు చూపించి, పక్క నుంచి తిప్పేది. ఒకచోట కట్టెను నిలువునా వదిలితే దానంతట అదే రెండు మూరలు దిగింది. అందరూ చూశారు. తర్వాత ఎవరికీ మాట్లాడాలనిపించలేదు.

ఎనిమిది బావులు దాటారు. బండ్ల బాట మీదికి వచ్చారు. తరాల తరబడి బండ్లు తొక్కిన నేల, కట్టె తగిలితే రాయిలా మోగింది. తర్వాతి బావి చాలా దూరం. సాలవ్వ నడక కొంచెం పెరిగింది. కట్టె ప్రతి అడుగుకూ కాక మూడు అడుగులకు ఒకసారి పడుతోంది.

వెనక భూమయ్య దగ్గాడు. సాలవ్వ తిరిగి చూసింది. ఆయన చేయి ఎత్తి ఏదో అనబోయాడు. ఆమె పెదవుల మీద వేలు పెట్టింది. ఆయన చేయి దించాడు. నిజం చెప్పాలంటే, నోరు మూసుకొమ్మనడం ఆయనకూ నచ్చింది.

ఇంకో ఇరవై అడుగులు పడ్డాయి. యాకూబు వస్తున్నాడో లేదోనని సాలవ్వ మెడ తిప్పి వెనక్కి చూస్తూనే, బాట అంచు దాటి అడుగు వేసింది.

నేల చప్పుడు చేయలేదు. ఆమె తొడల దాకా దిగింది. రెండో కాలు తీయబోతే నడుము దాకా దిగింది.

"ఆగు!" అంది. అది యాకూబుతో. ముసలాయన అప్పటికే చేయి చాపాడు. "రాకు తాతా. ఎవ్వరు రాకుండ్రి. ఉన్నకాడనే ఉండుండ్రి."

కట్టెను అడ్డంగా చంకల కింద పెట్టుకుంది. అది రెండు పక్కలా బురద మీద ఆనింది. దిగడం ఆగలేదు గానీ నెమ్మదించింది. రుక్మాబాయి ఏడుపు అందుకుంది. స్వామిదాసు "ప్రభువా, ప్రభువా" అంటున్నాడు గానీ కాళ్లు కదలడం లేదు.

వరుసలో చివరి నుంచి భూమయ్య బయటికి వచ్చాడు.

"పటేలా, బాట దిగకు!" సాలవ్వ అరిచింది.

ఆయన వినలేదు. ఆమె వైపు కూడా రాలేదు. కుడి పక్కకు పోయి, ఒక బండరాయి దగ్గర నిలబడి, పడమటి దిక్కుగా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. తొమ్మిది. అక్కడినుంచి ఆమె వైపు తిరిగి నాలుగు. అందరూ చూస్తుండగా, ఎక్కడైతే మునిగిపోవాలో అక్కడ, ఆయన చీలమండల లోతులో నిలబడ్డాడు. కాళ్ల కింద రాయి ఉంది.

తలపాగ విప్పి ఒక కొస విసిరాడు. సాలవ్వ పట్టుకుంది. ఆయన లాగాడు.

"గుంజకు పటేలా! గుంజితే నడుం పోతది. ఊకె పట్టుకో. నేను కాలు ఆడిస్త. సందుల నీళ్లు జొరబడాలె, అప్పుడు వదులుతది."

అదీ పని తెలిసిన మనిషి తీరు. మెడ దాకా ఆపద ఉన్నా ఏ పని ముందు, ఏది వెనక అనేది తప్పలేదు. మోకాలు కొంచెం ఆడించడం, ఆగడం, మళ్లీ ఆడించడం. ఆయన వదలకుండా, లాగకుండా పట్టుకున్నాడు. ఎంతసేపు పట్టిందో ఎవరూ చెప్పలేరు. ఒక తొడ బయటపడింది. ఆమె రొమ్ము మీద పడుకొని ముందుకు పాకింది. ఇంక తలపాగ చాలలేదు. భూమయ్య వంగి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

ఊళ్లో ఉన్న రోజుల్లో ఆయన చేయి ఆమె చేతికి ఎన్నడూ తగలలేదు. బొక్కెన తెచ్చినప్పుడు ఆమె కింద పెట్టి పక్కకు జరిగితేనే ఆయన తీసుకునేవాడు.

లాగి రాయి మీదికి తెచ్చాడు. ఇద్దరూ ఆయన వచ్చిన దారినే బండరాయి దగ్గరికి వచ్చారు. మిగిలిన ముగ్గురూ అక్కడికి చేరారు. అది గట్టి నేల.

*

రుక్మాబాయి కొంగుతో సాలవ్వ ముఖం తుడిచింది. సాలవ్వ భూమయ్యనే చూస్తోంది.

"గదేంది పటేలా?"

"నా బాయి."

"మీకు బాయి లేకుండె."

"అఖీరు ఎండకాలం తవ్విన." ఆయన నేల చూస్తూ చెప్పాడు. "ఊరంత మూట గట్టుకుంటున్నది. మంజీరను ఆపేటోడు పుట్టలే, ఎవ్వడు యాడికి పోవద్దు అన్న. అందరు నవ్విండ్రు. నవ్వినకొద్ది నాకు మొండి పుట్టింది. ఇద్దరు మనుషులను వెట్టుకొని నలభై రోజులు తవ్విన. పడమటి దిక్కు రాయి గట్టిన. నీళ్లు పడ్డయి, తియ్యటి నీళ్లు. బొక్కెన కుట్టియ్యడానికి మైసన్న కోసమని వాడకు వస్తే, మీరు అప్పటికే కట్ట కాడికి పోయిండ్రు. ఇంకో ఊరికి పోయి తెద్దామనుకునే లోపట సాగరు నీళ్లు గట్టు ఎక్కినయి. ఒక్క బొక్కెన సుత తోడలే."

అందుకే ఆమెకు తెలియలేదు. ఆ బావికి బొక్కెన లేదు.

"నిన్ననే ఎందుకు జెప్పలే?"

"ఏమని జెప్పాలె? మునిగే ఊళ్లె బాయి తవ్విన పిచ్చోన్ని నేనేనని జెప్పాల్నా? ఏడేండ్లకు అందరు మరిసిండ్రు. నడిచేటప్పుడు జెప్దామనుకున్న. నువ్వు మాట్లాడొద్దంటివి."

సాలవ్వ నీళ్లు తాగింది. పొద్దు నడినెత్తికి వస్తోంది.

"ఎనుకకు పోదాం," అంది చివరికి. "పదకొండని జెప్పిన. పన్నెండున్నయి. పదమూడోది లేదని నేనెట్ల జెప్త? తెలువని నేల మీద మనుషులను నడిపియ్య. వచ్చిన బాట మీద అడుగులున్నయి, ఎనుకకు పోవుడు భద్రం."

వెనక్కి పోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు. స్వామిదాసు యాకూబు వైపు చూడలేకపోయాడు. యాకూబు మాత్రం బతిమాలలేదు, కోపగించుకోలేదు.

"నీ ఇష్టం బిడ్డా. నడిపేటిదానివి నువ్వు," అన్నాడు. గొంగడి సర్దుకున్నాడు. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "కని ఒకటి జెప్పాలె. మా ఇంటెన్కల ఒక పాతర ఉండె" అన్నాడు.

"గింజల పాతరా? మీకా?" అన్నాడు భూమయ్య.

"కరువు ఏండ్లల్ల తవ్విన. నిలువెత్తు లోతు. పటేండ్ల కంట పడితే గుంజుకుంటరని మా ఇంటిదానికి తప్ప ఎవ్వలకు జెప్పలే. గది గుడ మట్టి నిండే ఉంటది గద." అతను వంగి ఒక గులకరాయి తీసి నేల మీద పెట్టాడు. "గిది నా గుడిసె అనుకో. పాతర గిక్కడ." ఇంకో రాయి పెట్టాడు.

సాలవ్వ ఆ రెండు రాళ్లనూ చూసింది. కట్టెతో వాటి పక్కన ఒక పొడుగాటి గీత గీసింది. "గిది బండ్ల బాట. మనమున్నది గిక్కడ." మూడు రాళ్లు ఏరి ముందున్న మూడు బావులనూ పెట్టింది. వెనకవి పెట్టనే లేదు. తల ఎత్తకుండానే అంది: "ఎవరెవరు ఏం తవ్విండ్రో పెట్టుండ్రి. అందరు."

రుక్మాబాయి ఒక రాయి పెట్టింది. "ప్రార్థన గుడిసెకు సున్నం కొట్టినప్పుడు సున్నపు గుంట తవ్వినం. మోకాలు లోతే." భర్తను మోచేత్తో పొడిచింది. "ఇంకోటి నువ్వు పెట్టు."

"ఇంకోటేంది?"

"తెల్వనట్టు! మిషన్ దొరగారు మన ఊళ్లె మొక్కాం ఉంటడని, ఊరవతల తవ్విపియ్యలే?"

స్వామిదాసు ముఖం ఎర్రబడింది. "గది... దొరలకు చెంబు పట్టుకొని చేన్లకు పోయే అలవాటుండదు గదా. అందుకని గుంత తవ్వించిన. తడక గుడ కట్టించిన."

"దొర వచ్చిండా?" అడిగాడు యాకూబు.

"రాలే. జొరమొచ్చిందని చీటి పంపిండు."

భూమయ్యకు మొదటిసారి నవ్వొచ్చింది. తలపాగ లేని నెత్తి మీద చేయి పెట్టుకొని నవ్వాడు. "నా బాయి తోడలే, నీ గుంతల కూసోలే. ఇద్దరం సమానమే ఉపదేశీ."

"రాయి పెట్టు ముందుగాల," అంది సాలవ్వ. స్వామిదాసు పెట్టాడు. అది సరిగ్గా వాళ్లు పోవలసిన దారి పక్కన పడింది.

నవ్వు ఆగింది. సాలవ్వ ఇంకో రాయి తీసుకొని చేతిలో తిప్పింది. "మా లంద," అంది మెల్లగా. తోళ్లు నానబెట్టే గుంట. మైసన్నా తానూ కలిసి తవ్వినది, రోజూ చేతులు పెట్టినది. "బాయిలన్ని ఏరుకున్న. సొంత గుంత మరిసిన."

భూమయ్య దారి గీతను చూశాడు. తర్వాత ఒక రాయి తీసి, ముందున్న మలుపులో, గీతకు ఆనించి పెట్టాడు.

"గిదేంది?"

"బాయికి ముందుగాల గిక్కడ తవ్విన. నాలుగు మూరలకు బండ పడ్డది. ఇడిసిపెట్టి, ఇటు జరిగిన." చేతులు దులుపుకున్నాడు. "గిదే పదమూడోది. ఇగ లేవు. నా మనుమని మీద ఒట్టు."

సాలవ్వ లేచి ఆ పటం చుట్టూ ఒకసారి తిరిగింది. బుద్ధిగా, తొందర లేకుండా, ఒక్కో రాయినీ చూస్తూ తిరిగింది. బొక్కెన మోసిన రోజుల్లో మొదటి నీళ్ల కోసం ఎంతసేపు నిలబడేదో అంతసేపు నిలబడింది. గుడిసె రాయి పోను ఎనిమిది రాళ్లు. వాటిలో నాలుగు ఆమెకు అంతకుముందు తెలియనే తెలియవు, ఒకటి తెలిసీ మరిచింది.

"తాతా, కాళ్లెట్లున్నయి?"

"నడుస్తయి."

"పటేలా, నువ్వు ముందటికి రా. నీ గుంత దాటే దాక నా పక్కనే నడువు. ఎవ్వరికి ఏది యాదికొచ్చినా నడుసుకుంటనే జెప్పుండ్రి. గట్టిగ జెప్పుండ్రి."

"మరి కట్టె చప్పుడు?" అన్నాడు స్వామిదాసు.

"చప్పుడు వినాలంటే నేనే ఆగి, ఊకోండ్రి అంట. అప్పుడు ఊకోండ్రి."

రొట్టెలు తిన్నారు. భూమయ్య నాలుగడుగులు దూరంగా కూర్చునే తిన్నాడు. రుక్మాబాయి ఇచ్చిన ఉల్లిగడ్డ మాత్రం తీసుకున్నాడు.

ఆ తర్వాతి నడక వేరే నడక. కట్టె ప్రతి అడుగుకూ పడింది. భూమయ్య బండ పడ్డ గుంత దగ్గర కట్టెను వదిలితే సరిగ్గా నాలుగు మూరలు దిగి ఆగింది. "అబద్ధమాడలే," అంది సాలవ్వ. పాత ఇండ్ల అడుగులు దాటుతుంటే ఒకరి తర్వాత ఒకరు చెబుతూనే ఉన్నారు. ఇక్కడ ఫలానావాళ్ల కల్లం, ఇక్కడ మేకల దొడ్డి, ఇక్కడ కుమ్మరి మట్టి తవ్వేవాడు. కుమ్మరి మాట వచ్చినప్పుడు సాలవ్వ ఆగి, అందరినీ ఊరుకొమ్మని, తట్టి చూసి, పది అడుగులు చుట్టు తిప్పింది. యాకూబు రెండు చోట్ల కూర్చున్నాడు, రెండు చోట్లా ఎవరూ అడగకముందే లేచాడు. పొద్దు వాలేసరికి ఒడ్డు ఎక్కారు.

రాత్రికి భూమయ్య బిడ్డ ఇంటి ముందు కల్లంలో గడ్డి పరిచి పడుకున్నారు. ఆ పిల్ల వేడి జొన్న గట్క వండి పంపింది. భూమయ్య మనుమడిని తెచ్చి యాకూబుకు దూరం నుంచి చూపించాడు. పొద్దున వాళ్లు బయలుదేరేటప్పుడు ఊరి చివరిదాకా వచ్చాడు.

"తిరిగి ఎప్పుడొస్తరు?"

"పండుగ తెల్లారి."

"నేను ఈడనే ఉంట. నన్ను తీస్కొనే పోవాలె. నా బాయి కాడ నేను ముందు నడుస్త."

"నాలుగు తుమ్మ గుంజలు కొట్టి పెట్టు పటేలా," అంది సాలవ్వ. "గుంతల కాడ పాతుకుంట పోదాం."

*

ఇరవై నాలుగు సాయంత్రం మెదక్ చేరారు. పండుగ పొద్దున జనం మధ్యలో నుంచి యాకూబును నడిపించుకుంటూ లోపలికి తెచ్చి, ఒక స్తంభం పక్కన కూర్చోబెట్టారు. అతను తల వెనక్కి వాల్చి, తాను చూడకుండా వచ్చేసిన పైకప్పును చూస్తూ ఉండిపోయాడు. ప్రార్థన అయ్యేదాకా ఒక్కసారి కూడా దగ్గలేదని రుక్మాబాయి తర్వాత ఎన్నోసార్లు చెప్పింది.

బయటికి వచ్చాక స్వామిదాసు అడిగాడు. "తాతా, నువ్వు మోసిన రాయి ఏది?"

"ఎవనికెరుక? అన్ని నున్నగ జేసి పెట్టిండ్రు," అన్నాడు యాకూబు. చాలా సంతోషంగా ఉన్నాడు. "పడిపోలే గదా. సాలు."

ఆవరణలో చెట్ల కింద ఊరూరి జనం వండుకుంటున్నారు. ఒడ్డు వెంట ఒక ముసలాయన రెండు రోజుల్లో వచ్చాడన్న మాట అప్పటికే పాకింది. సాగరు కింద మునిగిన ఇంకో రెండు ఊళ్ల వాళ్లు, చెదిరి చెట్టుకొకరు పుట్టకొకరు అయినవాళ్లు, వెతుక్కుంటూ వచ్చారు. తిరుగు ప్రయాణంలో తమను కూడా ఒడ్డు మీద నడిపించమని అడిగారు. వాళ్లలో ఒక పెద్దావిడ పుట్టింటి వైపు ఎనిమిదేండ్లుగా పోలేదట.

"మీ ఊరు నాకు తెల్వదవ్వా," అంది సాలవ్వ. "మీ బాయిలు నేను సూడలే."

వాళ్ల ముఖాలు వాడిపోయాయి. సాలవ్వ అప్పటికే చీర కుచ్చెళ్లు సర్దుకొని నేల మీద కూర్చుంది. అరచేత్తో ఎండుటాకులు పక్కకు నెట్టి, ముందు ఇంత మేర చదును చేసింది.

"కూసోండ్రి," అంది. "ముందు మీ బండ్ల బాట యాడుండెనో గియ్యుండ్రి. తరువాత ఒక్కొక్కరు ఏం తవ్విండ్రో జెప్పుండ్రి. సిగ్గువడేది ఏమన్నుంటే, గది ముందుగాల జెప్పుండ్రి."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దావిడే మొదట కూర్చొని, చుట్టూ వెతికి, ఒక గులకరాయి తీసుకుంది.